పూతకు పట్టు ఎలా వస్తుంది?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తుంటి మార్పిడి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. వర్క్‌షాపులో అరిగిన షాఫ్టులకు మెటల్ స్ప్రే చేయించినవాడిని. అయితే ఈ విషయం మన పనికి అంత దూరమైనదేమీ కాదు.

సిమెంటు లేకుండా తొడ ఎముకలో దిగగొట్టే కృత్రిమ తుంటి కాడను ఎక్కువగా టైటానియం మిశ్రలోహంతో చేస్తారు. చాలా వాటిపై హైడ్రాక్సీఅపటైట్ అనే పింగాణీ జాతి పదార్థాన్ని పూస్తారు. ఇది మన ఎముకలోని ఖనిజానికి దగ్గర చుట్టం. అందుచేత ఎముక దానిని పరాయిదిగా చూడక, పెరిగి అతుక్కుంటుంది. 1985లో లండన్ సర్జన్ రొనాల్డ్ ఫర్లాంగ్ ఇటువంటి తుంటిని అమర్చారు.

చిక్కల్లా ఒక్కటే. ఎముక పూతను పట్టుకున్నా, పూత లోహాన్ని వదిలేస్తే ప్రయోజనం లేదు. ప్లాస్మా మంటలో కరిగిన పొడి లోహంపై పడి చల్లారేటప్పుడు టైటానియంకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. ఆ లాగుడు పూతలోనే నిలిచి పగుళ్లకు దారితీస్తుంది. మందం పెంచినకొద్దీ ఈ బెడదా పెరుగుతుంది. అందుకే పూత మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూగానే ఉంటుంది.

పట్టు పెంచడానికి ముందు లోహాన్ని గరుకు రవ్వతో కొట్టి గరుకు చేస్తారు. ప్లాస్టరింగుకు ముందు మేస్త్రీ కాంక్రీటుపై గాట్లు పెట్టినట్లే. కొందరు మధ్యలో గరుకు టైటానియం పొర వేస్తారు. జపానులో కొకుబో బృందం అసలు స్ప్రేనే మానేసింది. టైటానియాన్ని కాస్టిక్ సోడాలో నానబెట్టి, 600 డిగ్రీల వద్ద కాలిస్తే, శరీరంలోనే దానిపై ఎముక ఖనిజంవంటి పొర ఏర్పడుతుంది. 2007 నుంచి అక్కడ తుంటి కీళ్లలో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. స్ప్రే పూతకు అంతర్జాతీయ ప్రమాణం కోరే కనీస పట్టు 15 మెగాపాస్కల్స్. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోల లాగుడుకు ఓర్చుకోవాలి.

ఇంత విన్నాక పూత ఉన్నదే అందరికీ మేలని అనుకోకండి. గత ఏడాది మా ఇంట్లో ఆమెకు తుంటి మార్చవలసి వచ్చింది. ఖర్చయినా సరే, పూత వేసినదే పెట్టించాలని పిల్లలు పట్టుబట్టారు. సర్జన్‌గారు ఎక్స్‌రే చూపించి, "అమ్మగారి ఎముక గుల్లబారింది. పూత గట్టిదే కానీ, దాన్ని పట్టుకోవలసిన ఎముకకు బలం లేదు. దిగగొట్టేటప్పుడే చిట్లవచ్చు. సిమెంటుతో అమర్చడమే క్షేమం" అన్నారు. ఆయన మాటే విన్నాం. ఈరోజు చేతికర్ర సాయంతో ఆమె గుడికి వెళ్లి వస్తోంది.

కనుక ఆపరేషనుకు ముందు సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: నా ఎముక బలం ఎంత? సిమెంటా, పూతా, ఎందుచేత? ఆ తరువాత, అమర్చిన భాగం పేరు, నంబరు ఉన్న స్టిక్కరును పెన్షను కాగితాలతోపాటు భద్రపరచండి. తొడలో కొత్తగా నొప్పి మొదలైతే వయసు మీదికి నెట్టక డాక్టరుకు చూపించండి.