ప్రాథమిక పాఠశాలలు - బాలబాలికల సంఖ్య
(హవేలిఘనపూరున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చి మాటలాడుమని సంఘమువారు మమ్ము కోరినపుడు, వసతిగృహములను గూర్చియో, విద్యార్థి వేతనములను గూర్చియో చెప్పుదుమని తలంచియుందురు. మేమట్లు చేయము. ప్రాథమికోపాధ్యాయులను తయారుచేయు జిల్లా విద్యాశిక్షణ సంస్థ ఈ ఘనపూరుననే యున్నది. పంతుళ్లు తయారగు నూరిలో సభ చేసికొని, వారి యెదుట కూర్చుండవలసిన పిల్లలేమైరని యడుగకుండుట న్యాయము కాదు.

మన తాతలనాడు పిల్లలుండిరి, బడులు లేకుండెను. ఉన్న బడులలోను మాతృభాషకు చోటు తక్కువ. 1924లో నిజాము ప్రభుత్వము ఖాన్గీ పాఠశాలల నిబంధనలను తెచ్చి, అనుమతి లేనిదే యెవ్వరును బడి పెట్టరాదనెను. వీథియరుగులపై నడచుచుండిన బడులు పెక్కులు మూతపడెను. 1930లో మన పొరుగుననున్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగినది ఇట్టి కాలముననే. 1951 జనాభా లెక్కలనాటికి హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందియైనను చదువరులు లేరు. ఆ చీకటిలో భాగ్యరెడ్డివర్మగారు 1910లో హైదరాబాదున ఆదిహిందువుల పిల్లలకై బడి పెట్టిరి. 1918లో రెడ్డి హాస్టలు వెలసెను. నాటి సంఘములు పిల్లలకై బడులను వెదకినవి.

పిదప బడులు పెరిగెను, పిల్లలును క్రిక్కిరిసిరి. ప్రతి బడికి కనీసము రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు ఉండవలెనని 1987లో కేంద్ర ప్రభుత్వము ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము పెట్టవలసివచ్చినదనిన, అంతకుముందు స్థితి యెట్లుండెనో యూహింపవచ్చును. 2003 జనవరినుండి బడిలో వేడియన్నము పెట్టుట మొదలైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక పాఠశాలలో ముప్పదిమంది పిల్లల కొక్క యుపాధ్యాయుడును, అరువదిమందివరకు ఇద్దరును ఉండవలెనని విధించెను.

ఇప్పుడు జరుగుచున్నదేమి? 2024-25 లెక్కలలో ఒక్క విద్యార్థియు లేని పాఠశాలలు దేశమున 7,993 ఉండగా, వానిలో 2,245 మన తెలంగాణమునందే కలవు!

ఇందుకు పంతుళ్లను మాత్రమే నిందించుట సులభము గాని సత్యము కాదు. మొదట, పుట్టు బిడ్డలే తగ్గిరి. 1992-93 నాటి ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున స్త్రీ కొకరికి సగటున 2.6 బిడ్డలుండగా, 2019-21 నాటి సర్వేలో తెలంగాణమున 1.8 మాత్రమే. ఉన్న బిడ్డలను ఇంగ్లీషు చదువునకై పసుపుపచ్చని బస్సులు పట్టణమునకు గొనిపోవుచున్నవి. సర్కారు బడులలో 2022-23 నుండి ఒకటవ తరగతి మొదలు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినను, పోయిన పిల్లలందరును తిరిగి రాలేదు. ఇక గురుకులములు అయిదవ తరగతినుండి చేర్చుకొనును గనుక, పల్లెబడి చివరి తరగతి పలుచబడును. గురుకులమున సీటు దొరికిన యింట పండుగయే, మేము కాదనము.

పిల్లలు తగ్గిన చదువు బాగుపడునని కొందరందురు. ఇచ్చటనే పొరపాటున్నది. ఒక బడిలో పదునెనిమిదిమంది పిల్లలు, ఒక పంతులు ఉన్నారనుకొందము. కాగితముపై ఆ నిష్పత్తి చట్టము కోరినదానికన్న మేలు. కాని ఆ పదునెనిమిదిమంది అయిదు తరగతులవారు! ఒకటవ తరగతి బిడ్డ పలకపై అక్షరము దిద్దుచుండగా, అదే గదిలో అయిదవ తరగతివానికి భిన్నములు చెప్పవలెను. అయిదు గంటల చదువును పంచిన తరగతి కొక్క గంట. పంతులు శిక్షణకు పోయిన దినమున అదియు లేదు. అది చూచి ఇద్దరు తండ్రులు పిల్లలను మాన్పింతురు. సంఖ్య తగ్గినదని పంతులు పోస్టు వేరొక యూరికి తరలును. మిగిలిన పిల్లలును వెడలుదురు. కావున లెక్కింపవలసినది పంతులు కెందరు పిల్లలని కాదు, ఎన్ని తరగతులని.

పంతుళ్లు లేరందుమా, 2024 అక్టోబరున పదివేలకు పైగా క్రొత్త యుపాధ్యాయులకు నియామకపత్రము లిచ్చిరి. ఈ వేదికపైనను సర్కారు బడిలో పాఠములు చెప్పువారు కలరు. వారి పిల్లలే బడిలో చదువుచున్నారని మేమిక్కడ అడుగము, భోజనవేళ అడుగుదుము.

మేము కోరునది చిన్నది. ప్రతి గ్రామశాఖయు జూన్ మాసమునకు ముందు తన యూర ఆరేండ్లలోపు బిడ్డల పట్టిక వ్రాయవలెను. మనవారిని మాత్రమే కాదు, అన్ని కులములవారిని. ఒక్క కులము పిల్లలతో ఏ యూరను బడి నిలువదు. ఒకటవ తరగతికి ఈడు వచ్చిన పిల్లల తలిదండ్రు లందరును కలిసి వచ్చి ఒకే దినమున చేర్పించిన, ఆ తరగతి తరగతిగా నిలుచును. ఒంటరిగా చేర్చిన బిడ్డ దసరా దాటువరకైన నుండునో లేదో! దగ్గరదగ్గరగా రెండు బడులుండి రెంటను పట్టుమని పదిమంది లేనిచోట, వానిని కలిపి ఇద్దరు పంతుళ్ల బడి చేయుటయే మేలని మా యభిప్రాయము. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. అయితే చిన్నపిల్లలు కిలోమీటరు మించి నడువవలసి వచ్చునేని, ఆటో ఖర్చు సంఘనిధినుండి ఇయ్యవలెను. వసతిగృహమునకు రంగు వేయుట ఒక యేడు ఆగినను నష్టము లేదు.

పట్టిక పుస్తకములు ద్వారమునొద్ద నున్నవి. శాఖా కార్యదర్శులు చేవ్రాలు చేసి కొనిపోవ ప్రార్థన.