పాత పెట్రోలు ఇంజనుకు ప్లగ్గు తీగలు కలుపుట



ఇప్పటి ట్రాక్టర్లు దాదాపు అన్నియు డీజిలువే. వానికి ప్లగ్గు తీగలతో పని లేదు. అయినను 1940ల చివర బొంబాయిలో బిగించుట మొదలైన విల్లీస్ జీపు వంటి పాత పెట్రోలు బండ్లు కొందరి కొట్టములలో ఇంకను ఉన్నవి. "ప్లగ్గులు తుడిచి తీగలు మరల పెట్టితిని, అప్పటినుండి ఇంజను తుమ్ముచున్నదే గాని నడువదు" అని వారు చెప్పుచుందురు. ఇంజను చెడలేదు, తీగలు తారుమారైనవి.

చెరువు క్రింద నీరుకట్టువాడు వంతు ప్రకారము మడులకు నీరు వదలినట్లే, డిస్ట్రిబ్యూటరు సిలిండర్లకు నిప్పు పంపును. వంతు తప్పిన నీరు గట్టు తెంచును. వేళకు ముందే పడిన నిప్పు స్టార్టింగు హాండిలును వెనుకకు విసరి మీ మణికట్టు విరుచును. కనుక శ్రద్ధగా వినుడు.

మొదట తాళము కట్టివేసి, గేరు న్యూట్రలులో పెట్టి, చేతి బ్రేకు వేయుడు. ప్లగ్గులన్నియు విప్పుడు. పాయింట్లు పూర్తిగా విడినపుడు వాని సందు 20 థౌ, అనగా సుమారు అర మిల్లీమీటరు ఉండవలెను. ప్లగ్గు సందు 30 థౌ.

రేడియేటరు ప్రక్కది ఒకటవ సిలిండరు. దాని ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు ఆనించి, వేరొకరిచే హాండిలు మెల్లగా త్రిప్పించుడు. గాలి వ్రేలిని నెట్టుచుండగా, పిస్టను పైకి చేరుటకు 5 డిగ్రీల ముందుండు గుర్తువద్ద ఆపుడు. ఈ గుర్తు కొన్ని ఇంజనులలో ఫ్లైవీలు మీద, కొన్నింట ముందు పుల్లీ మీద ఉండును. రోటరు ఒక చుట్టు తిరుగుటకు ఇంజను రెండు చుట్లు తిరుగును గనుక గుర్తు రెండుసార్లు వచ్చును. గాలి నెట్టినదే సరియైనది.

ఇప్పుడు మూత తీసి చూడుడు. రోటరు చూపుచున్న గూడు ఒకటవ ప్లగ్గుది. జీపులో రోటరు గడియారపు ముల్లుకు ఎదురు దిక్కున తిరుగును. ఆ దిక్కుననే వరుసగా 3, 4, 2 ప్లగ్గుల తీగలు పెట్టుడు. నడిమి గూడు కాయిలు తీగది.

పాయింట్ల నడుమ పలుచని కాగితము పెట్టి, డిస్ట్రిబ్యూటరు బిగింపు వదలు చేయుడు. కాగితము చిక్కువరకు దానిని రోటరు తిరుగు దిక్కుకు జరిపి, తరువాత మెల్లగా ఎదురు దిక్కుకు త్రిప్పుడు. కాగితము వదులైన క్షణముననే ఆపి బిగించి, కాగితము తీసివేయుడు. మూత, ప్లగ్గులు మరల బిగించుడు.

హాండిలు పట్టునపుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి పైకి లాగుడు, క్రిందికి నొక్కకుడు.

ఇతర ఇంజనులకు వరుసయు, దిక్కును, సందులును వేరుగా ఉండవచ్చును. తయారీదారుని పుస్తకము చూడుడు. అన్నింటికన్న సులువైన ఉపాయ మొకటి కలదు. ఈసారి తీగలు విప్పకముందే ఒక్కొక్క తీగకు దాని ప్లగ్గు సంఖ్య ననుసరించి దారముతో ఒకటి, రెండు, మూడు, నాలుగు ముడులు వేయుడు. ఆ ముడులే మీకు దారి చూపును.