ఊపిరి కోసం పైకొచ్చే డాల్ఫిన్

మన మునగపాక పొలాలను తడిపే శారదా నది రాంబిల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తీరానికి ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలో డాల్ఫిన్లు తిరుగుతుంటాయి.

చూపుకు చేపే గానీ, డాల్ఫిన్ చేప కాదు. దానికి మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులున్నాయి. నెత్తిమీది రంధ్రంతో గాలి పీలుస్తుంది. నిద్రలోనూ మన ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్ మాత్రం ప్రతి శ్వాసనూ తెలిసే తీసుకోవాలి. అందుకే మెదడులో ఒక సగం నిద్రపోతే, రెండో సగం మేలుకుని ఉంటుంది. ఎంత అద్భుతమైన ఏర్పాటో చూడండి!

బురదనీటిలో కన్ను పనిచేయకపోయినా దానికి లోటు లేదు. నుదుటిలోని కొవ్వు గుండా టిక్కుటిక్కుమనే శబ్దాలు పంపి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కింది దవడతో పట్టుకుంటుంది. సీసాముక్కు డాల్ఫిన్లయితే ఒక్కొక్కటి తనకంటూ ఒక ఈల కట్టుకుంటుంది. తోటివి ఆ ఈలతోనే దాన్ని గుర్తుపడతాయి. తల్లి సుమారు ఏడాది మోసి ఒక్క పిల్లను కని, పాలిచ్చి పెంచుతుంది.

ఇంత తెలివైన జీవి వలలో చిక్కితే, పైకి రాలేక నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. పూడిమడక, రాంబిల్లి వైపు వేటకు వెళ్లే అన్నదమ్ములారా, ప్రాణంతో ఉంటే దయచేసి వల కోసి వదిలేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది. ఒడ్డుకు కొట్టుకొస్తే తడిగుడ్డ కప్పి, అటవీశాఖకు కబురు చేయండి. నెత్తిమీది రంధ్రాన్ని మాత్రం మూయకండి.