బయట పులి, లోపల పిల్లలు: అంగన్‌వాడీకి ఒక ప్లాన్ కావాలె

ఈ ఎపిసోడ్ చిన్నపిల్లల గురించి. మీ అక్క కొడుకో, అన్న బిడ్డో అంగన్‌వాడీకి పోతున్నరా? అయితే జర చివరిదాకా వినండి.

లాక్‌డౌన్ అంటే మనకు 2020 మార్చి యాదికొస్తది. కరోనా, రోడ్ల మీద పోలీసులు, ఇంట్లనే ఉండుడు. కానీ ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. బయట ప్రమాదం ఉన్నప్పుడు పిల్లలందరినీ లోపలికి తీసుకొని, తలుపులు బిగించి, ప్రమాదం పోయేదాకా ఎవ్వరినీ బయటికి పంపకుండా ఉండడం. అమెరికా బడుల్లో తుపాకీ భయంతో దీన్ని ప్రాక్టీస్ చేయిస్తరు. "మన ఊర్లె తుపాకులు ఎక్కడివి, మనకెందుకు ఇది?" అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. మన దగ్గరి సంగతే చూద్దాం.

2024 నవంబర్ 29. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా, కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపింది. తెల్లారి సిర్పూర్ (టి) మండలం దుబ్బగూడ దగ్గర ఒక రైతు మీద పడింది. ఆ చుట్టుపక్కల ఊర్లల్ల జనం బయట తిరగొద్దని ఆంక్షలు పెట్టిన్రు. పులి వెనకనుంచి వస్తదని, కొందరు తల వెనక మాస్కులు కట్టుకొని చేన్లకు పోయిన్రు. అంతకు ముందు 2020 నవంబర్ల కూడా దహెగాం మండలం దిగిడలో, పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో ఇట్లనే ప్రాణాలు పోయినయి. ఇది పాత ఉమ్మడి ఆదిలాబాద్ ముచ్చట.

కరీంనగర్ వాళ్ళు "మాకు పులి లేదు" అనకండి. గుట్టలున్న కాడ ఎలుగుబంటి ఉంటది. 2023ల కరీంనగర్ శివారు రేకుర్తి దాకా ఎలుగు వచ్చింది. ఇగ కుక్కలైతే చెప్పే పనే లేదు. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేండ్ల బాబును కుక్కలు చంపిన వీడియో మనం అందరం చూసినం. తేనెటీగలు లేస్తయి, ఊర్లె కొట్లాట అయితది, తాగినోడు కత్తి పట్టుకొని తిరుగుతడు. ఇవన్నీ మనకు తెలిసినవే.

ఇప్పుడు అంగన్‌వాడీ ఎట్లుంటదో ఒకసారి కండ్ల ముందట పెట్టుకోండి. ఒకటో రెండో రూములు. చాలా చోట్ల కిరాయి ఇల్లే. మూడు నుంచి ఆరేండ్ల పిల్లలు. ఒక టీచర్, ఒక ఆయా. మూలకు గ్యాస్ పొయ్యి. మధ్యాహ్నం ఆరోగ్యలక్ష్మి భోజనానికి గర్భిణులు, బాలింతలు కూడా వస్తరు. అంటే ప్రమాదం వస్తే ఇద్దరు ఆడవాళ్ళు ఇంతమందిని చూసుకోవాలె. అందుకే ప్లాన్ పెద్ద బడికన్నా అంగన్‌వాడీకే ఎక్కువ అవసరం.

మొట్టమొదలు ఒక్క సూత్రం పట్టుకోండి. ప్రమాదం బయట ఉంటే లోపలికి. ప్రమాదం లోపల ఉంటే బయటికి. ఇది తారుమారు అయితే ప్రాణాలు పోతయి. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణం బడిల మంటలంటుకొని 94 మంది పిల్లలు చనిపోయిన్రు. మంటల్లో తలుపు వేసుకొని కూసుంటే అది లాక్‌డౌన్ కాదు, బోను. నీళ్ళు వచ్చినా అంతే. 2022 జూలైల కడెం ప్రాజెక్టుకు గేట్లు తట్టుకోలేనంత వరద వచ్చి, కింది ఊర్లను ఖాళీ చేయించిన్రు. గసుంటప్పుడు ఎత్తైన జాగకు పోవాలె.

కాబట్టి రెండు సైగలు కావాలె, రెండూ వేరేవేరేగా వినపడాలె. విజిల్ ఊదితే లోపలికి. పళ్ళెం కొడితే బయటికి లైన్ల. అన్నానికి పిలిచేటందుకు రోజూ పళ్ళెం కొడుతుంటే, దానికి బదులు గంట పెట్టుకోండి. ఉట్నూర్, నార్నూర్, జైనూర్ దిక్కు చాలామంది పిల్లలు ఇంట్ల గోండి, కొలామి మాట్లాడుతరు. భయంల పిల్లకు ఇంటి భాషనే అర్థమైతది. ఆ రెండు ముక్కలు వాళ్ళ భాషల చెప్పాలె. తెలిసిన తల్లిని అడిగితే ఒక్క నిమిషంల నేర్పుతది.

రెండోది, గొళ్ళెం. చాలా ఇండ్లకు బయట తాళం గట్టిగ ఉంటది, లోపల గొళ్ళెం ఊగుతుంటది. లోపలి గొళ్ళెం గట్టిగ ఉండాలె, పిల్లలకు అందని ఎత్తుల ఉండాలె, పెద్దలు ఒక్క చేత్తో తీసేటట్టు ఉండాలె. లోపల తాళం మాత్రం వెయ్యొద్దు. మంట వస్తే చెవి వెతుక్కునే టైం ఉండదు.

మూడోది, ఎవరి పని ఏంది అన్నది ముందే చెప్పుకోవాలె. ఆయా గ్యాస్ బంద్ చేసి, బాత్రూం దిక్కు, వాకిట్ల చూసి పిల్లల్ని లోపలికి తెస్తది. టీచర్ తలుపు కాడ నిలబడి లెక్కపెడుతది. హాజరు రిజిస్టర్ చేతిల ఉండాలె. పొద్దున ఇరవై మంది వస్తే, ఇద్దరు నడుమల ఇంటికి పోతే, లెక్క పద్దెనిమిది అని రాసుండాలె. ఆయా పోస్టు ఖాళీగ ఉన్న కేంద్రంల ఆ పని పక్కింటి ఒకరికి ముందే చెప్పి ఉంచాలె.

నాలుగోది, లోపల ఏం ఉండాలె? కిటికీకి దూరంగ ఒక మూల, తాగే నీళ్ళు, మూతున్న బకెట్ ఒకటి, కొన్ని బిస్కెట్లు, చార్జింగ్ ఉన్న ఫోన్. గోడ మీద పెద్ద అక్షరాల్ల నంబర్లు: పోలీసు సాయానికి 112, అంబులెన్సుకు 108, మంటలకు 101, పిల్లల హెల్ప్‌లైన్ 1098. వాటికింద ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నంబర్, పంచాయతీ కార్యదర్శి నంబర్.

ఐదోది, పిల్లలకు పులి అని చెప్పకండి. మూడేండ్ల పిల్లకు అది భయమే తప్ప సమాచారం కాదు. ఆటగ చెయ్యండి. "పిల్లి వస్తుంది, ఎలుకలన్నీ కలుగులకు" అంటే ఉరికొస్తరు. సప్పుడు చెయ్యని ఎలుకకు శభాష్ అనండి. నెలకొకసారి ఐదు నిమిషాలు ఆడిస్తే చాలు. నిజంగ ఆ రోజు వస్తే, వాళ్ళకు అది తెలిసిన ఆటే అనిపిస్తది.

థాయ్‌లాండ్‌ల 2022 అక్టోబర్ 6న నాంగ్ బువా లంఫు దగ్గర పిల్లల కేంద్రంలకు ఒకడు ఆయుధాలతోని దూరిండు. ఆ రోజు మొత్తం 36 మందిని చంపిండు, అందుల ఎక్కువమంది చిన్నపిల్లలే. పడుకునే టైం అది. దుప్పటి కింద నిద్రపోయిన మూడేండ్ల పాప ఒకామె బతికింది. ఒక గొళ్ళెం అన్నిటినీ ఆపుతదని నేను చెప్పను. కానీ తలుపు ఆపిన ప్రతి నిమిషం, సాయం వచ్చేందుకు ఒక నిమిషం ఎక్కువ ఇచ్చినట్టే.

ఇగ మన వంతు, అంటే ఫోన్ చేతిల ఉన్నోళ్ళ వంతు. పులి వచ్చిందని వాట్సాప్‌ల చూడంగనే బండి తీసి అంగన్‌వాడీకి ఉరుకుతం కదా. పది బండ్లు, పది హారన్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్కసారి తలుపు తీసుడు. అదే ప్రమాదం. తల్లిదండ్రుల గ్రూపుల ముందే మాట అనుకోండి: టీచర్ "క్లియర్" అని మెసేజ్ పెట్టేదాకా ఎవ్వరూ పోవద్దు. పిల్లను ఎవరికి అప్పజెప్పాల్నో ఇద్దరి పేర్లు రిజిస్టర్ల రాయించండి.

తెలియని ఫోటో ఫార్వర్డ్ చెయ్యకండి. 2018 మేల పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్ళు తిరుగుతున్నరని పుకార్లు వస్తే, మన తెలంగాణల అమాయకుల్ని కొట్టి చంపిన్రు. పిల్లల్ని కాపాడుదామని మొదలైన మెసేజే మనుషుల్ని చంపింది.

ఒక మాట మాత్రం గట్టిగ చెప్తా. ఈ ప్లాన్ టీచర్ మీద ఇంకో బరువు కావొద్దు. సర్వే ఆమెనే, పోషణ్ ట్రాకర్ ఆమెనే, గుడ్ల లెక్క ఆమెనే. గొళ్ళెం పెట్టించేది, నంబర్లు రాయించేది, కిటికీకి జాలి కొట్టించేది ఊరు చెయ్యాలె. ఒక పూట పని, చిన్న ఖర్చు.

ఈ వారం మీ ఊరి అంగన్‌వాడీకి ఒకసారి పోండి. టీచర్‌ను, ఆయమ్మను పలకరించి, తలుపు లోపలినుంచి వేసి చూడండి. గొళ్ళెం పడకపోతే, వడ్రంగిని పిలిచినాకనే ఇంటికి రండి.