వెనక బెంచీ నోరు విప్పాలి

(బడి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడికి డిజిటల్ బోర్డు వచ్చింది, ఇక మన పిల్లలకు చదువొచ్చినట్టే అంటున్నారు. నేనొకటే అడుగుతాను. ఆ బోర్డు ముందు నోరు తెరిచేది ఎవరు? 60 మంది ఉన్న గదిలో పంతులు ప్రశ్న వేస్తే చెయ్యెత్తేది ముందు బెంచీ నలుగురే. మన పిల్లోడు వెనక కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండానే పదో తరగతికొస్తాడు. ఫెయిలైతే "వీళ్లకు చదువెక్కదు" అంటారు. ఎక్కక కాదు, వాణ్ణి ఎవరూ అడగక!

బాబాసాహెబ్ చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద ఒక మూల విడిగా కూర్చున్నాడు. ఇవాళ గోనెపట్టా పోయింది. మూల పోలేదు.

పెద్ద క్లాసులో అందరిచేతా మాట్లాడించడం అయ్యే పనేనా? అవుతుంది. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. పాఠం మధ్యలో ఆపి ప్రశ్న వేస్తాడు. ముందు ఎవరికి వారు జవాబు చెప్పాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించాలి. మళ్లీ జవాబు చెప్పాలి. ఆ తర్వాతే ఆయన వివరిస్తాడు.

ఇప్పుడు ప్లికర్స్ అని ఒకటుంది. పిల్లలకు తలా ఒక కాగితం కార్డు. కార్డు ఏ వైపు పైకి పట్టుకుంటే అది జవాబు. పంతులు తన సెల్‌ఫోను కెమెరా అటు తిప్పితే ఎవరేం చెప్పారో తెలుస్తుంది. క్లాసంతటికీ ఒక్క ఫోను చాలు. అదీ లేకపోతే పలకలున్నాయి. అందరూ రాసి ఒక్కసారే ఎత్తితే దాక్కునేవాడుండడు, వదిలేయబడేవాడూ ఉండడు.

అయితే ఒక మాట. జతలు కట్టేటప్పుడు పేట పిల్లల్ని పేట పిల్లలతోనే కూర్చోబెడితే క్లాసులోనూ ఊరూ వాడా వేరైనట్టే. మన పిల్ల ఇంటి మాటలో జవాబిస్తే నవ్వడం కూడా అంటరానితనమే.

2020లో కరోనాకు బడులు మూసి టీవీలో పాఠాలు చెప్పారు. టీవీ చెప్పింది గానీ పిల్లల మాట వినలేదు. బోర్డు మీద వీడియో వేసి పంతులు కుర్చీలో కూర్చుంటే అదీ అంతే. మిషను పంతులుకు బదులు కాదు. 6 నుంచి 8 తరగతుల్లో 35 మందికి కనీసం ఒక టీచరుండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. సర్కారు బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది ఆడవాళ్లుండాలనీ అదే చట్టం.

కాబట్టి కమిటీ మీటింగుకు పోయి సంతకం పెట్టి రావద్దు. బోర్డు ఎన్ని అంగుళాలని అడగొద్దు. "ఈ వారం మా పిల్ల ఎన్నిసార్లు మాట్లాడింది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.

జై భీమ్!