యువత పొలం పనికి ఎందుకు రావడం లేదు?

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఏ ఊళ్లో మీటింగు పెట్టినా రైతులు మొదట చెప్పే మాట, "కూలీలు దొరకడం లేదు, కుర్రాళ్లు పొలం ముఖమే చూడటం లేదు" అని. ఆ వెంటనే రెండో మాట, "వాళ్లకు ఒళ్లు వంగదు, ఫోన్లకు మరిగారు" అని. మొదటి మాట నిజమే. తెలంగాణ జిల్లాల్లో వరినాట్లకు బీహారు, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. నేను మాట్లాడదలచుకున్నది రెండో మాట గురించి.

ఒళ్లు వంగని కుర్రాడు సెంట్రింగ్ పనికి ఎలా పోతున్నాడు? ఎర్రటి ఎండలో స్లాబు మీద ఇనుము కట్టడం తేలిక పనా? పట్నంలో బండి మీద పార్సిళ్లు అందించేవాడు పొద్దస్తమానం రోడ్డు మీదే ఉంటాడు. సెలవు లేదు, పడితే చూసే దిక్కు లేదు. అయినా పోతున్నాడంటే కష్టానికి వెనకాడి కాదు. వాడు చూసుకునే లెక్కలు వేరే ఉన్నాయి.

మొదటిది, పని దినాలు. నాట్లు, కలుపు, కోత అయ్యాక మళ్లీ సీజను దాకా అతన్ని పిలిచేవారు లేరు. వరికోత మిషన్లు, కలుపు మందులు వచ్చాక ఆ రోజులూ తగ్గాయి. రెండోది, డబ్బు. "పంట అమ్మాక ఇస్తాం" అంటే ఈ రోజు బియ్యం ఎలా కొనాలి? మూడోది, ప్రాణం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి ఇరవై మంది దాకా చనిపోయారు. చేతి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా మందు కొట్టమంటే చదువుకున్న కుర్రాడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే మంచిది. నాలుగోది, మర్యాద. తండ్రిని "ఒరేయ్" అని పిలిచిన గట్టు మీద కొడుకు నిలబడడు.

ఇంకో సంగతి. 2003లో కేంద్రం చేయించిన నమూనా సర్వేలో, అవకాశం ఉంటే వేరే పని చూసుకుంటామని 40 శాతం మంది రైతులే చెప్పారు. మన పిల్లలకు ఉద్యోగాలు కావాలని అప్పు చేసి చదివిస్తున్నాం. కూలీ తన బిడ్డ విషయంలో అదే ఆశపడితే సోమరితనం అంటే ఎలా?

"కూలి పెంచితే మేమేం తినాలి?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు చెప్పాల్సింది కూలీ కాదు, ధర నిర్ణయించేవారు. 2018 నుంచి కేంద్రం ఏ2+ఎఫ్ఎల్ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తున్నామంటోంది. అందులో చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటివాళ్ల శ్రమ ఉంటాయి. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ ఉండవు. అవి కూడా కలిసిన సీ2 ఖర్చు మీద 50 శాతం అదనంగా ఇవ్వాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి. ఆ లెక్కలో నిజమైన కూలి రేటు చేరాలని కూడా గట్టిగా అడుగుదాం. ఎకరం, రెండెకరాల రైతు తన పొలం పని అయ్యాక పక్క పొలంలో కూలికి పోతున్నాడు. రైతును, కూలీని విడదీసి గెలిచే పోరాటం ఏదీ లేదు.

ధర వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. కూలి ఏ రోజుది ఆ రోజు, కనీసం వారానికోసారి ఇద్దాం. ఆడకూలీకి, మగకూలీకి ఒకే పనికి ఒకే రేటు కడదాం. మందు కొట్టేవారికి తొడుగులు, మాస్కు రైతే ఇవ్వాలి. ట్రాక్టరు వంటి యంత్రాల మీద సేద్యం చేసే పనివారిని 1923 నాటి నష్టపరిహార చట్టంలోనే చేర్చారు. ప్రమాదం జరిగితే ఆ హక్కు ఉందని ఇద్దరికీ తెలియాలి. ట్రాక్టరు, డ్రోను, మోటారు మెకానిజం ఊరి కుర్రాళ్లకే నేర్పించాలని వ్యవసాయ శాఖను అడుగుదాం. నేర్చిన పనికి రేటూ ఉంటుంది, పేరూ ఉంటుంది.

యువకులకూ ఒక మాట. అడ్వాన్సు తీసుకున్నాక, మాటిచ్చాక మధ్యలో వదిలేస్తే నష్టపోయేది మీలాంటి చిన్న రైతే. పని గంటలు, రేటు ముందే అనుకోండి, అనుకున్న దానికి ఇద్దరూ కట్టుబడండి.

ఈ నెలలో ప్రతి గ్రామ శాఖ రైతులను, కూలీలను ఒకచోట కూర్చోబెట్టి సీజను రేట్లు, పని వేళలు మాట్లాడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.