పొలం రాసిచ్చే ముందు

ఓపిక తగ్గగానే వున్న రెండెకరాలూ కొడుకు పేర దఖలు రాసేసే పెద్దలు ముదినేపల్లి వైపు లేకపోలేదు. ఆ కొడుకు చేనును చేపల చెరువుకు కౌలుకిచ్చి, తండ్రికి ముద్ద పెట్టడనుకోండి. దస్తావేజు కొడుకుది, చెరువు కౌలుదారుది. ముసలాయన ఎవరిని అడగాలి?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను వున్నది. ఆ చట్టం వచ్చాక, పోషించాలనే షరతు మీద రాసిన ఆస్తిని, పోషించనప్పుడు రద్దు చేయమని ఆర్డీవో ట్రిబ్యునల్‌ను కోరవచ్చును. షరతు వుండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. చట్టాన్ని వృద్ధుల మేలుకోరి ఉదారంగా చదవాలని 2025లో అన్నది. అయినా నోటిమాట చాలదండీ. "బ్రతికినంతకాలం పోషించవలెను" అన్న ముక్క దస్తావేజులోనే రాయించండి. కన్నకొడుకు దగ్గర యిదేమిటని మొహమాటపడకండి.

ఇదివరకే రాసేశారా? షరతు లేకపోయినా, బ్రతుకుతెరువు లేని తల్లిదండ్రులకు పోషణ ఖర్చు అడిగే హక్కు పోదు. దస్తావేజు నకలు, కౌలు కాగితం పట్టుకొని కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థకు వెళ్లండి. జిల్లా సంస్థ మచిలీపట్నంలో వున్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయం ఎంతైనా వకీలును ఉచితంగా పెడతారు. తక్కినవారు ఆదాయ పరిమితి కనుక్కోవలెను. కదలలేనివారు 15100కు ఫోను చేయించండి.